రెండు ఆఫీసుల్లోనూ 204 ఉంటే...

ఒక కంపెనీకి అమీర్‌పేటలో ఒక ఆఫీసు, పంజాగుట్టలో ఇంకో ఆఫీసు ఉన్నాయనుకోండి. రెండూ వేరువేరుగా పుట్టి తర్వాత కలిసినవి. రెండింట్లోనూ ఎక్స్‌టెన్షన్లు 201తోనే మొదలు. అమీర్‌పేటలో 204 అంటే అకౌంట్స్, పంజాగుట్టలో 204 అంటే టెస్టింగ్ టీము. ఇప్పుడు రెండు ఈపీఏబీఎక్స్‌లనీ ఒక లీజు లైనుతో కలిపేసి, "ఇక్కడ ఎక్స్‌టెన్షన్ నొక్కితే అక్కడ మోగాలి" అని పై నుంచి ఆర్డరొచ్చింది. 204 నొక్కితే ఎవరి ఫోను మోగాలి?

చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట (పేరు అనవసరం) దీని మీద మూడు మీటింగులు జరిగాయి. ఎవరూ తమ నంబర్లు మార్చుకోమన్నారు. విజిటింగ్ కార్డులు అచ్చయిపోయాయన్నారు ఒకరు, కస్టమర్లకి అలవాటైపోయిందన్నారు ఇంకొకరు. నేను నెట్‌వర్క్ మనిషిని కాను, కోడు రాసుకునేవాణ్ణి. కానీ ఆ గొడవ చూశాక ఈ సమస్య ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అర్థమైంది ఏమిటంటే, టెలిఫోను చరిత్రలో సగం ఈ 204 గొడవే. ఊళ్ళ మధ్య జరిగింది, దేశాల మధ్య జరిగింది, కంపెనీల మధ్య జరిగింది. విరుగుడు మాత్రం ప్రతిసారీ ఒకటే: ముందు ఒక అంకె తగిలించడం.

ఈ విరుగుడు హైదరాబాదు వాళ్ళకి కొత్తేమీ కాదు. మన ఇంటి నంబర్లే చూడండి. అమీర్‌పేటలో 7-1-ఎంతో, పంజాగుట్టలో 6-3-ఎంతో. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, ఆ తర్వాతది ఇల్లు. 204 నంబరు ఇల్లు అక్కడా ఉండొచ్చు, ఇక్కడా ఉండొచ్చు, పోస్ట్‌మాన్‌కి ఏ ఇబ్బందీ లేదు. అదే కాలనీల్లో ప్లాట్ నంబర్లతో వెతుక్కోవాల్సి వస్తే చుక్కలు కనిపిస్తాయి. ప్రతి కాలనీలోనూ ఒక ప్లాట్ నంబర్ 24 ఉంటుంది. కాలనీ పేరు చెప్పకపోతే అది చిరునామా కాదు, ఉత్త అంకె.

టెలిఫోన్ల తొలిరోజుల్లో ఈ కాలనీ పేరు పని ఆపరేటరు చేసేది. మన ఊళ్ళలో ట్రంక్ కాల్ బుక్ చేసిన తరానికి బాగా గుర్తుండే ఉంటుంది. ముందు ఊరి పేరు, తర్వాత నంబరు చెప్పేవాళ్ళు. విజయవాడలోనూ 204 ఉండొచ్చు, గుంటూరులోనూ ఉండొచ్చు, తేడా తెలుసుకోవడానికి మధ్యలో ఒక మనిషి ఉంది. గొడవంతా ఆ మనిషిని తీసేసినప్పుడు మొదలైంది.

తీసేసినవాడు అల్మన్ స్ట్రోజర్ అనే అమెరికా పెద్దమనిషి. శవాలకి అంత్యక్రియలు చేయించే వ్యాపారం ఆయనది. తనకి రావాల్సిన కాల్స్‌ని ఆపరేటరు పోటీవాడికి కలిపేస్తోందన్న అనుమానంతో అసలు ఆపరేటరే లేని ఎక్స్ఛేంజి కనిపెట్టాడని చెప్పుకుంటారు. కథ సంగతెలా ఉన్నా పేటెంటు 1891లో వచ్చింది, మొదటి ఎక్స్ఛేంజి 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ అనే ఊళ్ళో పనిచేయడం మొదలుపెట్టింది. మన దేశానికి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాకి వచ్చింది.

స్ట్రోజర్ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే మన 204 గొడవ సగం విడిపోతుంది. అందులో ఒక కడ్డీ ఉంటుంది. మీరు డయల్ చేసిన ఒక అంకెకి అది అన్ని మెట్లు పైకెక్కుతుంది, తర్వాతి అంకెకి అన్ని అడుగులు పక్కకి తిరుగుతుంది. పది మెట్లు, మెట్టుకి పది చోట్లు, అంటే ఒక్కో సెలెక్టరుకి వంద దారులు. ఇక్కడ గమనించాల్సింది, ఆ యంత్రానికి నంబరు మొత్తం తెలియదు. మొదటి అంకె పడగానే కదిలిపోతుంది, రెండోది పడగానే ఇంకా ముందుకి పోతుంది. వెనక్కొచ్చి "అరె, ఇది పంజాగుట్ట 204 కదా" అని ఆలోచించుకునే అవకాశం లేదు. అందుకే స్ట్రోజర్ లోకంలో నంబరంటే పేరు కాదు, దారి. రెండు చోట్లకి ఒకే దారి ఉండదు కాబట్టి రెండు ఫోన్లకి ఒకే నంబరూ ఉండదు. కావాలంటే దారి మొదట్లో ఒక మలుపు పెట్టుకోవాలి. ఆ మలుపే మనం ఈ రోజుకీ వాడుతున్న ప్రిఫిక్స్.

నంబరుని దారి నుంచి విడగొట్టే పని లండన్‌లోనూ జరిగింది. 1927లో హోబర్న్ ఎక్స్ఛేంజిలో డైరెక్టర్ అనే పరికరం పెట్టారు. అది మీరు తిప్పిన అంకెలు ముందు దాచుకుంటుంది, తర్వాత వాటిని తన దగ్గరున్న పట్టికలో చూసి వేరే అంకెలుగా మార్చి ముందుకి పంపుతుంది. ఈ రోజు సిస్కో కాల్‌మేనేజర్‌లో ట్రాన్స్‌లేషన్ పాటర్న్ అని మనవాళ్ళు రాసేది సరిగ్గా ఇదే. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన కుర్రాడు అరగంటలో రాసేసే లైను వెనక ఇంత చరిత్ర ఉందన్నమాట :)

ఊళ్ళ మధ్య గొడవని పెద్ద ఎత్తున తీర్చింది అమెరికా వాళ్ళు. 1947లో ఏటీ అండ్ టీ కంపెనీ ఉత్తర అమెరికాని 86 ఏరియా కోడ్లుగా విడగొట్టింది. న్యూయార్క్‌కి 212, లాస్ ఏంజెలిస్‌కి 213, షికాగోకి 312. ఇవి లాటరీ తీసి ఇచ్చినవి కావు. తిప్పే డయల్ మీద చిన్న అంకె తొందరగా తిరుగుతుంది కాబట్టి పెద్ద ఊళ్ళకి పొట్టి అంకెలిచ్చారు. ఇంకో తెలివి చూడండి: కోడులో మధ్య అంకె ఎప్పుడూ 0 గానీ 1 గానీ ఉండేలా పెట్టారు, లోకల్ ఎక్స్ఛేంజి నంబర్లలో ఆ స్థానంలో 0, 1 రాకుండా చూసుకున్నారు. దాంతో రెండో అంకె పడేసరికి ఇది ఊరి బయటికి పోయే కాలా, లోపలి కాలా అని యంత్రానికి తెలిసిపోతుంది. నంబర్ల ప్లానింగులో ఇదే అసలు కిటుకు. ఎన్ని నంబర్లున్నాయన్నది ముఖ్యం కాదు, ఎన్నో అంకె దగ్గర అనుమానం తీరుతుందన్నది ముఖ్యం.

ఇక మన ఊరికి వద్దాం. ఇండియాలో మొదటి ఎస్టీడీ 1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది. సున్నా నొక్కితే ఊరు దాటుతున్నట్టు లెక్క. హైదరాబాదుకి మొదట్లో ఉన్న కోడు 0842. పాత లెటర్‌హెడ్‌లు ఎవరింట్లోనైనా ఉంటే చూడండి, కనిపిస్తుంది. 1990లలో అది 040 అయింది. కోడు పొట్టిదైతే ఏంటి గొప్ప అంటారా? మన దేశంలో కోడు, లోకల్ నంబరు కలిపి పది అంకెలు అన్నది లెక్క. విజయవాడకి 866, ఆ తర్వాత ఏడంకెలు. నిజామాబాద్‌కి 8462, ఆ తర్వాత ఆరంకెలు. 842 అని మూడంకెలు ఊరి పేరుకే ఖర్చుపెడితే లోపల ఏడే మిగులుతాయి. 40 అని రెండే ఖర్చుపెడితే ఎనిమిది మిగులుతాయి. చిరునామాలో ఊరి పేరు కుదించి ఇళ్ళకి చోటివ్వడం అన్నమాట.

ఆ ఎనిమిదో అంకె అవసరం 2000ల మొదట్లో వచ్చింది. అప్పటిదాకా మన నంబర్లు ఏడంకెలు. పంజాగుట్ట వాళ్ళవి 335తో, అమీర్‌పేట వాళ్ళవి 373తో మొదలయ్యేవి. ప్రైవేటు కంపెనీలు ల్యాండ్‌లైన్లు ఇవ్వడం మొదలుపెట్టాక మళ్ళీ మన పాత గొడవే. ఒకే ఊళ్ళో నలుగురు నంబర్లు పంచుతుంటే ఒకడిచ్చినదే ఇంకొకడు ఇవ్వకుండా చూసేదెవరు? 2003 జాతీయ నంబరింగ్ ప్లాను చెప్పిన జవాబు మొదటి అంకె. బీఎస్ఎన్ఎల్‌కి 2, రిలయన్స్‌కి 3, భారతికి 4, టాటాకి 5 (తర్వాత అది 6 అయింది). పంజాగుట్ట 335 కాస్తా 2335 అయింది, అమీర్‌పేట 373 కాస్తా 2373 అయింది. పాత నంబరులో ఒక్క అంకె కూడా మారలేదు, ముందు ఒకటి చేరిందంతే. బోర్డుల మీద పెయింటరు వచ్చి మొదట్లో ఒక 2 ఇరికించి రాసిన షాపులు నేను చూశాను, మీరూ చూసే ఉంటారు.

జనం తిట్టుకున్నారు గానీ, దాన్ని ప్లాను చేసినవాళ్ళకి నేను దండం పెడతాను. ఎందుకంటే మనిషికి గుర్తున్న నంబరుని వాళ్ళు ముట్టుకోలేదు.

ఇలాంటిదే 2021లో ఇంకోసారి జరిగింది. ఆ ఏడు జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా నొక్కాలన్నారు. అంతకుముందు సొంత రాష్ట్రం మొబైల్‌కి అవసరం ఉండేది కాదు. ల్యాండ్‌లైన్ నంబర్లు 2, 3, 4, 6తో మొదలవుతాయి కాబట్టి ఆ అంకెలతో మొబైల్ నంబర్లు ఇస్తే గందరగోళం. సున్నా అడ్డం పెడితే ఆ గందరగోళం పోయి, దాదాపు 254 కోట్ల కొత్త మొబైల్ నంబర్లకి చోటు దొరుకుతుందని ట్రాయ్ లెక్కగట్టింది. ఆ వారంలో ఆఫీసుల్లో ఈపీఏబీఎక్స్ చూసుకునేవాళ్ళంతా కూర్చుని ప్రోగ్రాము మార్చుకున్నారు.

ఇప్పుడు మన రెండు ఆఫీసుల సంగతి చూద్దాం. ఇంత చరిత్ర చెప్పే పాఠం సూటిగానే ఉంది: ఎవరి 204నీ మార్చొద్దు. ఆఫీసు లోపల 204 అంటే ఆ ఆఫీసు 204నే. పక్క ఆఫీసుకి చేయాలంటే ముందు 8 నొక్కాలి, తర్వాత ఆఫీసు కోడు, ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్. కోడుకి నేనైతే మున్సిపాలిటీ వాళ్ళు ఎప్పుడో ఇచ్చేసిన అంకెలే వాడతాను. అమీర్‌పేటకి 71, పంజాగుట్టకి 63. అప్పుడు అమీర్‌పేట అకౌంట్స్ 871204, పంజాగుట్ట టెస్టింగ్ 863204. రేపు మాదాపూర్‌లో మూడో ఆఫీసు తెరిచినా ఇంకో రెండంకెలిస్తే సరిపోతుంది, ఉన్నవాళ్ళు ఎవరూ కదలక్కర్లేదు.

కానీ ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది, వెనక్కి చేసే కాల్. అమీర్‌పేట 204 పంజాగుట్ట 315కి ఫోన్ చేసింది, 315 సీట్లో లేడు. తిరిగొచ్చి చూస్తే మిస్డ్ కాల్‌లో ఉత్త 204 అని ఉంటే, నొక్కగానే మోగేది పక్క గదిలోని టెస్టింగ్ టీముకి. అందుకే కాల్ ఆఫీసు దాటేటప్పుడు చేసినవాళ్ళ నంబరుని కూడా 871204గా మార్చి పంపాలి. వెళ్ళే దారి మార్చినవాళ్ళలో చాలామంది వచ్చే దారి మర్చిపోతారు.

రెండోది, అంకెల పొడవు. ఒకే ఆఫీసులో 204 కూడా, 2041 కూడా ఉంటే, 204 నొక్కాక ఇంకో అంకె వస్తుందా రాదా అని యంత్రం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. సిస్కో కాల్‌మేనేజర్‌లో మామూలుగా ఈ ఎదురుచూపు 15 సెకన్లు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పదిహేను సెకన్లు నిశ్శబ్దం వింటే ఎవరైనా లైను పాడైందనే అనుకుంటారు.

మూడోది, మొదటి అంకెల వాడకం. మన ఈపీఏబీఎక్స్‌లలో మామూలుగా బయటి లైనుకి 0, ఆపరేటరుకి 9. అమెరికాలో తిరగేసి ఉంటుంది, బయటి లైనుకి 9, ఆపరేటరుకి 0. ఇది ఎంత దూరం పోతుందంటే, అమెరికా ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళు హైదరాబాదులో అమ్మానాన్నలకి ఫోన్ చేయాలంటే బయటి లైనుకి 9, విదేశీ కాల్‌కి 011, మన దేశానికి 91, ఊరికి 40 నొక్కాలి. తొందర్లో 011లో సున్నా జారిపోయిందనుకోండి, నొక్కింది 911! ఇంటికి చేయబోయిన ఫోను పోలీసులకి పోతుంది. నవ్వొస్తుంది గానీ, ఇక్కడ నవ్వు ఆపుకోవాల్సిన విషయం ఒకటుంది.

2013 డిసెంబరులో టెక్సస్‌లోని మార్షల్ అనే ఊళ్ళో ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడ మీద దాడి జరిగింది. ఆవిడ తొమ్మిదేళ్ళ కూతురు, ఇంట్లో నేర్పినట్టే, గదిలోని ఫోను తీసి 911 నొక్కింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కాల్ పోలేదు. ఆ హోటల్లో బయటి లైనుకి ముందు 9 నొక్కాలని పాపకి తెలియదు. తల్లి చనిపోయింది. ఆవిడ పేరు మీదే 2018 ఫిబ్రవరిలో అమెరికాలో చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి తర్వాత పెట్టే ప్రతి ఆఫీసు, హోటల్ ఫోను వ్యవస్థలోనూ ఏ ప్రిఫిక్సూ లేకుండా 911 పోవాలి.

మనకి 108 ఉంది. అది మొదలైంది మన హైదరాబాదులోనే, 2005 ఆగస్టు 15న. ఆఫీసులో ఎవరికైనా గుండె పట్టేస్తే పక్కనున్నవాళ్ళు డెస్కు మీది ఫోను తీసి 108 నొక్కుతారు. ఎక్స్‌టెన్షన్లు 101 నుంచి మొదలుపెట్టిన ఆఫీసులో ఏమవుతుంది? 108 నొక్కితే ఎవరో హెచ్చార్ అమ్మాయి "హలో" అంటుంది. 100, 101 కూడా అంతే. ఒకటో నంబరు ఎక్స్‌టెన్షన్‌కి 101 ఇవ్వడం అందరికీ సహజంగా తోచే పని. ఆ సహజంగా తోచేదే ఇక్కడ ప్రమాదం.

సరే, 1తో మొదలయ్యేవన్నీ వదిలేశాం, ప్రిఫిక్స్ లేకుండా 108 పోయేలా పెట్టాం. అయిపోయిందా? లేదు. రెండు ఆఫీసులు కలిపాక ఖర్చు తగ్గిద్దామని బయటి లైన్లన్నీ పంజాగుట్టలోనే ఉంచేస్తారు. ఇప్పుడు అమీర్‌పేటలో నొక్కిన 108 పంజాగుట్ట లైన్ మీంచి బయటికి పోతుంది. అవతలివాళ్ళకి కనిపించేది పంజాగుట్ట నంబరు, ఆ నంబరు మీదున్నది పంజాగుట్ట చిరునామా. కంగారులో ఫోన్ చేసినవాడు "ఆఫీసు నుంచండీ, తొందరగా రండి" అని పెట్టేస్తే అంబులెన్సు ఎక్కడికి పోవాలి? మెట్రోలో అవి పక్కపక్క స్టేషన్లే. కానీ సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డు మీద ఒక స్టేషను దూరం ఎంతసేపో నేను చెప్పాలా?

అందుకే నా వాదన ఇది: ఎన్ని లైన్లు తీసేసినా ప్రతి ఆఫీసులోనూ ఒక్క లోకల్ లైను ఉంచండి. 100, 101, 108, 112 నాలుగూ దాని మీంచే పోవాలి. నెలకి ఆ లైనుకయ్యే ఖర్చు ఒక టీము లంచ్ బిల్లంత కూడా ఉండదు.

ఊళ్ళు వేరైతే మన దేశంలో ఇంకో చిక్కు కూడా ఉండేది. హైదరాబాదు నుంచి బెంగళూరు ఆఫీసుకి ఐపీ లింకు మీద మాట్లాడుకోవచ్చు గానీ, ఆ కాల్‌ని అక్కణ్ణుంచి మామూలు టెలిఫోను లైనులోకి వదలకూడదు. ఎస్టీడీ డబ్బులు ఎగ్గొట్టినట్టు లెక్క. దీనికోసం సిస్కో వాళ్ళు కాల్‌మేనేజర్ 7.1లో లాజికల్ పార్టిషనింగ్ అని ఒక సౌకర్యమే చేర్చాల్సి వచ్చింది. 2020 నవంబరులో, మళ్ళీ 2021 జూన్‌లో టెలికం శాఖ కాల్ సెంటర్లకీ బీపీవోలకీ ఉన్న నిబంధనలు బాగా సడలించింది. ఈపీఏబీఎక్స్‌ని ప్రపంచంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చంది. సౌకర్యమే. కానీ యంత్రం ఎంత దూరం పోతే, ఫోన్ చేసేవాడు ఎక్కడున్నాడన్నది అంత తొందరగా చెరిగిపోతుంది.

"ఇప్పుడు డెస్కు ఫోన్లెక్కడివి, అంతా టీమ్స్, జూమ్ కదా" అంటారు మీరు. నిజమే. కానీ ఈ గొడవ ఫోన్లతో పోలేదు, పేరు మార్చుకుంది. 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 పుణ్యమా అని ప్రతి కంపెనీ లోపల 10తోనో 192.168తోనో మొదలయ్యే ఐపీ అడ్రసులే వాడుతుంది. రెండు కంపెనీలు కలిసిన రోజున రెండు చోట్లా 192.168.1.4 ఉంటుంది. మళ్ళీ నాట్ పెట్టి, అవతలివాళ్ళకి వేరే అడ్రసు చూపించి నెట్టుకొస్తారు. డేటాబేసులు కలిపినవాళ్ళని అడగండి, రెండింట్లోనూ కస్టమర్ నంబర్ 204 ఉంటుంది. ఎంప్లాయీ ఐడీలూ అంతే.

ఇలాంటి ప్రతిచోటా మనం వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండే. మనుషులకి ఇప్పటికే గుర్తున్న నంబరుని కదపకుండా పని జరుగుతుందా? కలిపిన తర్వాత కూడా, ఫోన్ చేసినవాడు ఏ బిల్డింగులో ఉన్నాడో అవతలివాళ్ళకి తెలుస్తుందా? మొదటిది 2335 చేసిన టెలికం వాళ్ళు ఎప్పుడో సాధించి చూపించారు. రెండోది చేయడం మీ ఆఫీసులో ఆ ఫోన్లు చూసుకునే మనిషి చేతిలో ఉంది. వీలైతే ఈ వారమే ఆయన్ని అడగండి, "మన ఆఫీసు ఫోనులో 108 నొక్కితే ఎవరెత్తుతారు?" అని. జవాబు వెంటనే వస్తే సంతోషం. "చూసి చెప్తా" అంటే మాత్రం, ఆయన చూసేదాకా వదలకండి.